తిన్న యింటి వాసాలు

మన భాషలో కృతఘ్నుణ్ణి ఎత్తిపొడవడానికి ఒక సామెత ఉన్నది. వాణ్ణి ‘తిన్న యింటి వాసాలు లెక్కపెట్టేవాడు’ అంటారు. అన్నం పెట్టిన యింట కృతజ్ఞతతో తల వంచుకొనుటకు బదులు, పైకప్పు వైపు చూస్తూ ఈ యిల్లు ఎంత చేయునో అని లెక్కలు కట్టేవాణ్ణి గురించి పుట్టిన మాట యిది. ఈ సంవత్సరం మేము మా తెలుగు తరగతి విద్యార్థులు నలుగురితో కలసి సరిగ్గా ఆ పనే చేసినాము. ఆబిడ్స్ నుండి నాంపల్లికి పోయే దారిలో ఒక పాత హోటలులో కడుపునిండా తిని, దాని వాసాలు లెక్కపెట్టినాము. అందుకు మేము సిగ్గుపడటం లేదు. ఏళ్ళ తరబడి ఒక కప్పు క్రింద తిని, ఆ కప్పు దేనిమీద నిలిచియున్నదో ఒక్కసారియైనా తలయెత్తి చూడనివాడే అసలైన కృతఘ్నుడని మాకు తోచినది. ఆ సంగతిని విద్యార్థులకూ, కళాశాల పాలకవర్గం పెద్దలకూ విన్నవించుటకే ఈ వ్యాసం.

ఆనాడు ఆదివారం. ఆదివారమంటే ఆబిడ్స్‌లో దుకాణాల తలుపులు మూసియుంటాయి, వాటి ముందరి కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచుకొంటాయి. ఈ నగరంలో చదువుకొన్న పేద విద్యార్థులలో ఆ కాలిబాటకు ఋణపడనివారు అరుదు. విద్యార్థులకు నిఘంటువులు కొనిపించవలెనని వారిని వెంటబెట్టుకొని పోయినాము. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఎండ ముదిరేసరికి చేతుల్లో పుస్తకాలూ, కడుపులో ఆకలీ మిగిలినాయి. నాంపల్లి వైపు నడచి, మేము ఎరిగిన ఒక పాత హోటలులో అడుగుపెట్టినాము.

ఆ భవనం వీథిలో నుండి చూచినవానికి గొప్పగా కనిపించదు. బయటిగోడలు రాయీ సున్నమూ. పైన ఒక అంతస్తు, దానికి రంగు వెలసిన చెక్క కిటికీలు. కాని లోపలికి పోతే కథ వేరు. హాలు నడుమ రెండు వరుసలుగా టేకు స్తంభాలు ఉన్నాయి. ఒక్కొక్క స్తంభం తలపై అడ్డంగా ఒక చెక్కిన దిమ్మె, ఆ దిమ్మె మీద పెద్ద దూలం, దూలం మీద దగ్గరదగ్గరగా దంతెలు. దంతెల మీద సన్నని ఇటుకలను ఏటవాలుగా పేర్చి, డంగు సున్నంతో గట్టిపరచినారు. దీనినే మన మేస్త్రీలు మద్రాసు టెర్రేసు అంటారు. ఇనుప కమ్ములూ సిమెంటూ ఇంకా చౌక కాని రోజుల్లో మన పట్టణాలలో అంతస్తులు లేచినది ఇట్లాగే. దుంగ కొనను చెక్కి, రెండవ దుంగలోని బెజ్జంలో దిగవేసి, చెక్క మేకుతో బిగించేవారు. టేకులో సహజంగా ఉన్న నూనె చెదపురుగును దగ్గరకు రానీయదు. చేవదేరిన కట్టె తరాల తరబడి నిలుస్తుంది.

ఇట్టి భవనంలో గమనింపదగిన ధర్మం ఒకటి ఉన్నది. లోపలి బరువంతా స్తంభాలది, దూలాలది. వాటి నడుమ కట్టిన అడ్డుగోడలు ఏ బరువునూ మోయవు. అవసరమైనపుడు పెట్టుకోవచ్చును, అవసరం తీరినపుడు తీసివేయవచ్చును. యిల్లు కదలదు. ఈ మాటను పాఠకులు కొంచెం జ్ఞాపకముంచుకొనవలెనని మనవి.

ఈ పేటల చరిత్రను రెండు మాటలలో చెప్పుకొందాము. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే యూదుడు ఇచ్చట దుకాణం తెరువగా, ఆయన పేరే పేట పేరైనది. నాంపల్లి రైలు స్టేషను 1907లో వచ్చినది. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో మూసీ పొంగి పాతనగరాన్ని ముంచెత్తినది. ఆ తరువాత ఏటికి ఉత్తరపు ఒడ్డున నగరం వేగంగా పెరిగినది. జిల్లాల నుండి రైలు దిగే రైతులు, కోర్టు పనిమీద వచ్చేవారు, కొలువులు వెదుక్కొనే యువకులు, అందరికీ ఇంటివెలుపల ఒక పూట తిండీ కాసేపు నీడా కావలసి వచ్చినాయి. ఆ అవసరాన్ని కనిపెట్టినవారిలో ముఖ్యులు ఇరానీయులు. యజ్ద్ మొదలైన ప్రాంతాల నుండి బయలుదేరి, బొంబాయి, పూనాల మీదుగా దక్కనుకు చేరినవారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటలును ఇరానీయులు స్థాపించినది 1935లో. మొజంజాహీ మార్కెట్టు కట్టడం పూర్తియైనది కూడ ఆ సంవత్సరమే.

వారు తమ దేశం నుండి తెచ్చినది తేయాకు డికాక్షనును మూతబెట్టి సన్నని సెగమీద మగ్గించే పద్ధతి ఒక్కటే కాదని మా అభిప్రాయం. ఇస్ఫహాను నగరంలో పదిహేడవ శతాబ్దపు ‘చెహెల్ సుతూన్’ అనే రాజభవనం ఉన్నది. ఆ పేరునకు నలువది స్తంభాలని అర్థం. నిజానికి ముందరి మంటపంలోని కట్టె స్తంభాలు 20 మాత్రమే. ఎదుటి కొలనిలో పడిన నీడలను కలుపుకొంటే 40. స్తంభాల మంటపం క్రింద, గోడల అడ్డులేని చోట అతిథిని కూర్చుండబెట్టుట వారికి అలవాటైన మర్యాద. మన దక్కనులోనూ అది క్రొత్త కాదు. పాతనగరంలో బాద్షాహీ ఆషూర్ఖానా ముందరి కట్టె స్తంభాల చావడులు ఆసఫ్‌జాహీల కాలంలో చేర్చినవే. కనుక ఇరానీ మర్యాదా, దక్కనీ వడ్రంగమూ ఆబిడ్స్, నాంపల్లిలలో ఒకదానికొకటి అతికినట్లు కుదిరినాయి.

ఆ హోటళ్ళలో ఒక అలవాటు ఉండేది, ఇప్పటికీ కొన్నింట ఉన్నది. బల్ల మీద ఎవరైనా కూర్చుండియుంటే, ఎరుగనివాడు వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంటాడు. అనుమతి అడుగడు, అడుగనక్కరలేదు. ఒక చాయ్‌ను ‘వన్ బై టూ’ చెప్పి ఇద్దరు పంచుకొంటారు. పాలు మిక్కిలిగా పోసిన ‘పౌనా’ ఒకనిది, ఉస్మానియా బిస్కట్టు మరొకనిది. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు ఇట్టి బల్లలకే ప్రసిద్ధి. మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టి, ఉర్దూ కవిత్వానికీ కార్మికోద్యమానికీ సమానంగా బ్రతుకు ధారపోసిన మఖ్దూం మొహియుద్దీన్ కూర్చుండిన చోటు అది. ఇప్పుడు ఆ హోటలు లేదు. అక్కడికి నడచిపోయేంత దూరంలోనే 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమూ, 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తుగా పుట్టిన నేటి తెలంగాణ సారస్వత పరిషత్తూ ఉన్నాయి. ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు మహాకవియైన సి. నారాయణరెడ్డిగారు, గాలిబును తెలుగు చేసిన దాశరథిగారు ఈ నగరంలో మసలినవారే. రెండు భాషలు పక్కపక్కన బ్రతుకుటకు గ్రంథాలయాలు ఎంత అవసరమో, గ్రంథాలయం నుండి బయటికి వచ్చి కూర్చుండుటకు ఒక బల్ల కూడ అంత అవసరమే.

ఈ సంగతిని మేము పుస్తకాలలో చదివి చెప్పుట లేదు. జిల్లాలోని ఒక పల్లె నుండి వచ్చి విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ.లో చేరిన రోజుల్లో మాకు రెండు ప్రశ్నలు ఎదురవుతుండేవి. తరగతిలో కొందరు ‘మీరు తెలుగు ఎందుకు తీసుకొన్నారు?’ అనేవారు. మా బంధువులలో కొందరు ‘మనవాడవై ఉర్దూ సరిగా రాదేమి?’ అనేవారు. మొదటి ప్రశ్నలో ద్వేషం లేదు, రెండవదానిలోనూ లేదు. అయినను రెండూ ముల్లువలెనే గ్రుచ్చుకొనేవి. ఆదివారాలు ఆబిడ్స్‌లో పుస్తకాలు కొని ఇరానీ హోటలులో కూర్చుంటే ఆ రెండు ప్రశ్నలూ అడిగేవాడు లేడు. ఎదుట కూర్చుండిన పెద్దమనిషి మా చేతిలోని వ్యాకరణ గ్రంథాన్ని తిరగేసి చూచి, ‘నాకు తెలుగు చదువ రాదు బేటా, వినబుద్ధి అవుతుంది, కొంచెం చదువు’ అన్నాడు ఒకసారి. మేము చదివినాము. అది సంధి సూత్రం. ఆయనకు అర్థమైనదో లేదో గాని చాయ్ డబ్బులు మమ్ము ఇవ్వనీయలేదు. ఆ బల్లకు మేము పడిన ఋణం అట్టిది. కనుక ఆ హోటళ్ళను గురించి వ్రాయబూనినపుడు మా కలం పొగడ్త వైపే మొగ్గుతుంది. ఆ ఆదివారం దానిని నిలిపినది మా విద్యార్థిని ఒకామె.

మేము ఐదుగురమూ లోపలికి పోగానే వడ్డించే కుర్రవాడు అమ్మాయిలను చూచి, చేయి చూపి ‘ఫ్యామిలీ, ఫ్యామిలీ’ అన్నాడు. హాలు వెనుకభాగంలో చెక్కపలకల తడిక, దానికొక తెర. లోపల నాలుగు బల్లలు. పంకా ఒకటి ఉన్నది గాని తిరుగుట లేదు. స్తంభాలూ దూలాలూ వీథీ ఏవీ అక్కడికి కనిపించవు. భోజనం వచ్చినది. బిర్యానీ, మిర్చీకా సాలన్, తరువాత చాయ్. మేము మా ధోరణిలో ఇరానీ హోటలు బల్ల ఎందరిని కలిపినదో చెప్పుకొంటూ పోయినాము. అంతా విని ఆ అమ్మాయి మెల్లగా అన్నది: ‘సార్, మీరు చెప్పే ఆ బల్ల తెరకు అవతల ఉన్నది. మా కుర్చీ ఇవతల ఉన్నది.’

మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయినాము. ఎందుకనగా సమాధానం లేదు. ఎన్నో ఏండ్లుగా అందరి బల్ల అని మేము కొనియాడినది సగం మందిదే. ఆ సంగతి మా కంట పడకపోవుటకు కారణం, మేము ఎల్లప్పుడూ తెరకు అవతలి కుర్చీలోనే కూర్చుండుట.

బయటికి వచ్చేటపుడు గల్లా దగ్గర ఉన్న వృద్ధునితో ఆమెయే మాట కలిపినది. ‘చాచా, ఆ తడిక ఎప్పటిది?’ అన్నది. ఆయన కోపగించుకొనలేదు. ‘మా అబ్బా కాలంలో లేదమ్మా. అప్పుడు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళే కాదు. రావడం మొదలుపెట్టినాక, నిమ్మళంగా తింటారని మేమే కట్టినాము. ఆనాటికి అది మర్యాద’ అన్నాడు. ‘ఈనాటికి?’ అని ఆమె అడిగినది. ఆయన నవ్వి, తడికను అరచేతితో తట్టి, ‘దీని మీద బరువేమీ లేదు బిడ్డా. తీసేస్తే కప్పు పడదు’ అన్నాడు. అపుడు మేమందరమూ తలయెత్తి చూచినాము. అబ్బాయిలలో ఒకడు దంతెలు లెక్కపెట్టినాడు. హాలులో 34, తడిక వెనుక 11. అన్నీ కలిపితే ఒకే కప్పు.

మా వాదమంతా ఆ వృద్ధుని మాటలోనే ఉన్నది. పాతదానిని కాపాడుట అంటే దానిలోని ప్రతి పలకనూ కాపాడుట కాదు. ఏది బరువు మోస్తున్నదో, ఏది మోయుట లేదో తెలిసికొనుట. ఎరుగనివాడు వచ్చి ఎదుట కూర్చుండవచ్చునన్న మర్యాద ఆ హోటలుకు స్తంభం. తడిక ఒక కాలపు ఏర్పాటు. ఒకప్పుడు అది ఆడవారికి లోపలికి దారి ఇచ్చినది కనుక దానిని నిందింపనక్కరలేదు. కాని అదే దూలమని భ్రమపడనూరాదు. మన నగరంలో జరుగుతున్నది తలక్రిందులు. స్తంభాలను కోసి కట్టె దుకాణాలకు అమ్ముతున్నాము. తడికలను మాత్రం క్రొత్త భవనాలకు మోసుకొనిపోతున్నాము.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. కట్టె భవనం నిప్పుకు భయమని మొదటిది. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అయితే లావైన టేకు దూలం నిప్పంటుకొన్నపుడు పైపొర బొగ్గై, ఆ బొగ్గే లోపలి చేవకు కొంతసేపు కవచమవుతుంది. కప్పబడని ఇనుప దూలం వేడికి మెత్తబడి వంగిపోతుంది. పాత భవనాలలో భయపడవలసినది దూలాలకంటె ముందుగా, వాటి చుట్టూ అడ్డదిడ్డంగా పాకిన కరెంటు తీగలకు. పొయ్యిని హాలునకు దూరంగా, రాతికట్టడంలో ఉంచవలెను. తీగలు మార్పించవలెను. బయటికి రెండు దారులుండవలెను. ఇవి లేకుండ పాతదనాన్ని పొగడుట ప్రాణాలతో చెలగాటం. శుభ్రత చాలదన్నది రెండవ ఆక్షేపణ. నిజమే. శుభ్రతకు క్రొత్త భవనం అక్కరలేదు, నీళ్ళూ సున్నమూ శ్రద్ధా చాలును. ఇక మూడవది అన్నిటికంటె బలమైనది. ఆ స్థలంలో అంతస్తులు లేపితే వచ్చే అద్దె, చాయ్ అమ్మితే వస్తుందా? రాదు. ఒక్క చాయ్‌కి గంటసేపు కూర్చుండనిచ్చే వ్యాపారానికి నగరపు నడిబొడ్డున అద్దె గిట్టుబాటు కాదు. ఆ భారం హోటలువానిదే అని మనం చేతులు దులుపుకొంటే ఆ హోటలూ ఓరియంటు దారినే పోతుంది.

ఇతర దేశాలవారు ఏమి చేసినారో చూడవచ్చును. ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బూర్ నగరంలో కామర్జెల్ గృహమని ఒకటి ఉన్నది. దాని పునాది 1427 నాటిది, పై అంతస్తుల కట్టె చట్రం 1589 నాటిది. చెక్కడపు పనితో నిండిన ఆ యింటిని వారు అద్దాల పెట్టెలో పెట్టలేదు, భోజనశాలగా ఉపయోగించినారు. జనం తింటున్నారు కనుక కప్పు కారితే వెంటనే తెలుస్తుంది. తెలుస్తుంది కనుక బాగుపడుతుంది. మనకు 2019లో యునెస్కో వారు హైదరాబాదును పాకకళకు పేరొందిన నగరంగా గుర్తించి గౌరవమిచ్చినారు. 2017లో తెలంగాణ వారసత్వ పరిరక్షణ చట్టమూ వచ్చినది. సంతోషమే. కాని బిరుదు దూలాన్ని నిలుపదు. చట్టం గోడను కూలనీయకుండ ఆపవచ్చును, పొయ్యి వెలిగించలేదు. తినేవాడు ఉంటేనే భోజనశాల బ్రతుకుతుంది. విద్యార్థులు శీతల భవనాలలో ఇన్నూరు రూపాయలు పెట్టి కాఫీ త్రాగి, ఇరానీ హోటలు ముందు ఫోటో మాత్రం తీసుకొనుట వారసత్వ రక్షణ కానేరదు.

ఇక మన ఇంటి సంగతి. మన కళాశాల వెనుకభాగంలో క్యాంటీను ఉన్న పాత హాలును విద్యార్థులందరూ ఎరుగుదురు. దానికి ఆరు టేకు స్తంభాలు. పైన పెంకు, నడుమ ప్లైవుడ్ తడిక. తడికకు అటు అబ్బాయిలు, ఇటు అమ్మాయిలు. ఆ హాలును తీసివేసి తరగతి గదులు కట్టించవలెనని పాలకవర్గం ఆలోచిస్తున్నట్లు వింటున్నాము. గదులు చాలకపోవుట వాస్తవం. మేమే వరండాలో పాఠాలు చెప్పిన రోజులున్నాయి. అయినను పెద్దలకు మూడు మనవులు చేయ సాహసిస్తున్నాము. మొదటిది, కూల్చుటకు ముందు తెలిసిన వడ్రంగి చేతనూ ఇంజినీరు చేతనూ ఆ స్తంభాలనూ వాసాలనూ పరీక్ష చేయించవలెను. కట్టె పుచ్చినదని తేలితే మేము నోరెత్తము. రెండవది, చేవగలదని తేలితే, గదులను వాహనాలు నిలిపే ఖాళీస్థలంలో కట్టించి, ఈ హాలును మరమ్మతు చేయించవలెను. ఉర్దూ శాఖవారూ తెలుగు శాఖవారూ ఏడాదికొకసారి వేదిక మీద కలుసుకొంటారు. ప్రతిదినమూ కలుసుకొనేది ఆ క్యాంటీనులోనే. మూడవది, తడిక ఉండవలెనా తీయవలెనా అన్నది మేము గాని, పెద్దలు గాని నిర్ణయించరాదు. ఇవతల కూర్చుండేవారు విద్యార్థినులు. వారిని అడుగవలెను. కొందరు ఉండనిమ్మంటే వారి కొరకు ఒక మూల ఉంచవచ్చును. కాని అడుగకుండ ఉంచుట మర్యాద కాదు.

విద్యార్థులకు మా మనవి చిన్నది. ఈసారి ఆదివారం ఆబిడ్స్‌కు పోయినపుడు, నాంపల్లి వరకు నడవండి. మిగిలియున్న ఒక పాత హోటలులో కూర్చుండి తినండి. నలుగురూ కలసి, అమ్మాయిలూ అబ్బాయిలూ ముందరి బల్ల దగ్గరనే కూర్చుండండి. ఎవరైనా ‘ఫ్యామిలీ’ అని చేయి చూపితే, మేము ఇక్కడే కూర్చుంటామని నవ్వుతూ చెప్పండి. ఎదుటి కుర్చీలోకి ఎవరు వచ్చినా చోటివ్వండి. లేచే ముందు తలయెత్తి వాసాలు లెక్కపెట్టండి. ఆ లెక్కను ఒక కాగితం మీద వ్రాసి, హోటలు పేరూ వీథి పేరూ చేర్చి మాకు తెచ్చి ఇవ్వండి. వచ్చే సంచికలో ఆ పట్టికను రెండు భాషలలోనూ అచ్చువేయిద్దాము.

మేము లెక్కపెట్టిన హోటలుకు మరునెలలో మళ్ళీ పోయినాము. తడిక అట్లాగే ఉన్నది. తెర మాత్రం లేదు. వృద్ధుణ్ణి అడుగగా, ఉతకడానికి వేసినామని చెప్పినాడు. ఉతికిన తెర మళ్ళీ వ్రేలాడునో లేదో, మీరు పోయి చూచి మాకు చెప్పండి.